పగటి పాలు రాత్రికి మారినప్పుడు: ఉద్యోగానికి వెళ్లే ఒక తల్లి కేసు

తల్లి వయసు 28. ఇల్లు హనుమకొండలో, ఉద్యోగం హుజూరాబాద్‌లో ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ శాఖలో. మొదటి కాన్పు, సిజేరియన్. నెలలు నిండి పుట్టిన ఆడపిల్ల, పుట్టినప్పటి బరువు 2.8 కిలోలు. తల్లిపాల సలహా కోసం నా దగ్గరకు వచ్చేనాటికి పాపకు 21 వారాలు. తల్లి తిరిగి ఉద్యోగంలో చేరి వారం దాటింది. కుటుంబం అనుమతితో రాస్తున్నాను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

తల్లి చెప్పింది: "పాలు తగ్గిపోయాయి మేడం. పాప రాత్రంతా వదలడం లేదు. నాకు నిద్ర లేదు." వెంట వచ్చిన అత్తగారు అందుకున్నారు: "పగలు మాత్రం ఎంత బతిమాలినా తాగదు, మూతి తిప్పేస్తుంది." భర్త చేతి సంచిలో సీలు తీయని పాలపొడి డబ్బా ఉంది. మొదలుపెట్టమంటారా అని అడగడానికి తెచ్చారు.

ముగ్గురూ వేర్వేరు సమస్యలు చెబుతున్నట్లు కనిపించినా అది ఒకటే సమస్య. పగలు తాగని పాలను పాప రాత్రి తాగుతోంది. తల్లి ఇంట్లో ఉన్నప్పుడు రోజంతా సర్దుకుని ఉన్న లెక్క, తల్లి బస్సెక్కగానే తలకిందులైంది. ఉద్యోగానికి వెళ్లే తల్లుల పిల్లల్లో ఇది తరచుగా చూస్తాం. పాలు తగ్గడం వేరు, పాలు తాగే వేళలు మారడం వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలా ఇళ్లలో డబ్బా సీలు తెగుతుంది.

పాపకు ఆరు నెలలు నిండకముందే ఉద్యోగంలో ఎందుకు చేరిందని చాలామంది అడుగుతారు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు వచ్చింది, 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే ఉంది. అయితే ఆ 26 వారాల లెక్క సెలవు పెట్టిన రోజు నుంచి మొదలవుతుంది, బిడ్డ పుట్టిన రోజు నుంచి కాదు. కాన్పుకు ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు. ఈమెకు చివర్లో రక్తపోటు పెరిగి విశ్రాంతి అవసరమై ఆరు వారాల ముందే సెలవు పెట్టింది. కాన్పు తర్వాత మిగిలింది 20 వారాలు. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనకూ, ఈమె సెలవుకూ మధ్య ఆరు వారాల ఖాళీ మిగిలిపోయింది. ఈ కేసంతా ఆ ఆరు వారాల గురించే.

ముందు చూసినవి

పాలు చాలుతున్నాయా అన్నదానికి రొమ్ము బిగువు సాక్ష్యం కాదు, పంపులో పడే పాల కొలత అంతకన్నా కాదు. పాప బరువు, మూత్రం, చురుకుదనం చూడాలి. 14 వారాల టీకా రోజున బరువు 5.4 కిలోలు, ఇప్పుడు 6.3. ఏడు వారాల్లో 900 గ్రాములు, అంటే రోజుకు 18 గ్రాములు. ఈ వయసుకు చక్కటి పెరుగుదల. ఎదుగుదల పటంలో పుట్టినప్పుడు ఏ గీత దగ్గర ఉందో ఇప్పుడూ ఆ దరిదాపుల్లోనే ఉంది. రోజుకు ఏడు సార్లు గుడ్డలు తడుస్తున్నాయి. పాప నా బల్ల మీద పడుకుని నా గుర్తింపు కార్డు తాడును నోట్లోకి లాక్కుంటోంది.

అయితే ఆ 900 గ్రాముల్లో ఎక్కువ భాగం తల్లి ఇంట్లో ఉన్న రోజులదే. ఉద్యోగంలో చేరాక ఏమవుతోందో ఆ అంకె చెప్పదు. అందుకని వారం తర్వాత అదే తూకంపై, బట్టలు లేకుండా మళ్లీ తూచాను. 110 గ్రాములు పెరిగింది. అంతవరకు డబ్బా సీలు తీయవద్దని మాత్రమే చెప్పాను.

"మూడు నెలల దాకా రొమ్ములు బరువుగా ఉండేవి, ఇప్పుడు ఖాళీ సంచుల్లా ఉన్నాయి" అంది తల్లి. తొలి వారాల్లో శరీరం అవసరానికి మించి పాలు తయారుచేస్తుంది. తర్వాత పాప తాగినంతకే సర్దుకుంటుంది. మెత్తబడటం ఆ సర్దుబాటుకు గుర్తు. ఆఫీసులో పంపుతో రెండు వైపులా కలిపి 70 మిల్లీలీటర్లే వచ్చాయన్నది ఆమె రెండో భయం. పంపుకు పాప నోటికున్న నేర్పు ఉండదు. పైగా ఆమె పంపు వాడుతున్నది ఆఫీసు బాత్రూములో, బయట ఎవరో తలుపు తడుతుంటే. కంగారులో పాలు చేపుకు రావు.

తల్లిని కూడా పరీక్షించాలి. రక్తహీనత ఉంటుందనిపించి పరీక్ష రాయించాను. హిమోగ్లోబిన్ 9.6. కాన్పు తర్వాత ఆరు నెలలపాటు వేసుకోవాల్సిన ఐరన్ మాత్రలను మలబద్ధకం వస్తోందని మొదటి నెలలోనే ఆపేసింది. బస్సులో ఇబ్బంది పడాల్సి వస్తుందని ఉదయం నుంచి నీళ్లు తాగడం కూడా మానేసింది. నీళ్లు ఎక్కువ తాగితే పాలు ఎక్కువ రావు గానీ, తాగకపోతే తలనొప్పి, మలబద్ధకం తప్పవు. ఆమె అలసటనంతా నిద్ర ఖాతాలో వేయకూడదని తేలింది. ప్రసవానంతర కుంగుబాటును పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నలూ అడిగాను. 30కి 9 వచ్చింది. అంకె పెరిగేకొద్దీ కుంగుబాటు అనుమానం ఎక్కువ. ఆందోళన పడే స్థాయి కాదు, నిర్లక్ష్యం చేసే స్థాయీ కాదు. మూడు వారాల తర్వాత మళ్లీ అడగాలని రాసుకున్నాను.

మూడో గడి

రాత్రి పాలు తాగే పాప ఉన్న ప్రతి తల్లికీ నేను ఒక కాగితం ఇస్తాను. మూడు గడులు. పాప రొమ్ము పట్టిన సమయం, వదిలిన సమయం, తల్లి మళ్లీ పడుకున్న సమయం. మొదటి రెండూ అందరూ రాస్తారు. మూడోది రాయమంటే వింతగా చూస్తారు. నాకు కావలసింది అదే.

ఆమె మూడు రాత్రులు రాసి తెచ్చింది. రెండో రాత్రి పాప ఆరుసార్లు లేచింది. పాలు తాగిన సమయమంతా కలిపితే గంటా పది నిమిషాలు. తల్లి మెలకువగా ఉన్న సమయం మూడున్నర గంటలు. మిగిలిన రెండు గంటల ఇరవై నిమిషాలు ఎక్కడికి పోయాయి?

ఒక్కొక్కటీ అడిగాను. పాప కదలగానే, భర్త నిద్ర చెడుతుందని ఆమె పాపను ఎత్తుకుని హాల్లోకి వెళుతుంది. అక్కడ ట్యూబ్‌లైటు వేస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాలిస్తుంది. పాప పది నిమిషాల్లో నిద్రపోతుంది. కానీ తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవాలని ఎవరో చెప్పారు కాబట్టి ఇరవై నిమిషాలు హాల్లో తిరుగుతుంది. తర్వాత డైపర్ మారుస్తుంది, కాస్త తడిసినా సరే. పాప లేస్తుంది. మళ్లీ మొదలు. ఒంటి గంటప్పుడు, ఎలాగూ లేచాను కదా అని పంపు భాగాలు కడిగి మరిగిస్తుంది. ఆ రాత్రి చివరి గడిలో "4:45, ఇక పడుకోలేదు" అని ఉంది. బాక్సు వండాలి.

పాప తీసుకున్నది గంటా పది నిమిషాలే. మిగతాదంతా ఇల్లు తీసుకుంది. రాత్రి పాలు మాన్పించి నిద్ర సంపాదించాలన్న ఆలోచన వదిలేయమన్నాను. పాలు తయారు కావడానికి తోడ్పడే ప్రొలాక్టిన్ హార్మోను రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది. పగలు పదకొండు గంటలు దూరంగా ఉండే తల్లికి ఆ రాత్రి పాలే ఆధారం. వాటిని తీసేస్తే పగటి పాలు కూడా తగ్గుతాయి. డబ్బా పాలు పడితే పాప తప్పకుండా రాత్రంతా నిద్రపోతుందన్న హామీ కూడా లేదు. నాలుగైదు నెలల్లో పిల్లల నిద్ర తీరే మారుతుంది, ఏ పాలు తాగినా లేస్తారు.

కాబట్టి తల్లిని లేపే మిగతా పనులన్నీ తీసేశాం. గట్టి పరుపును గదిలో నేల మీద వేయించాం. పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం నేర్పాను. సిజేరియన్ అయిన తల్లికి ఈ పద్ధతి మొదటి వారంలోనే చూపించాల్సింది, ఎవరూ చూపలేదు. పడుకుని నెమ్మదిగా తాగే ఐదు నెలల పాపకు ప్రతిసారీ తేన్పు అక్కరలేదు. మలం ఉంటే తప్ప రాత్రి డైపర్ మార్చనక్కరలేదు. ట్యూబ్‌లైటు బదులు జీరో బల్బు. ఫోను చేతికందని చోట ఉంచాలి, గడియారం గోడకు తిప్పి పెట్టాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పసిబిడ్డ తల్లి గదిలోనే, వేరే పడక మీద, వెల్లకిలా పడుకోవాలన్నది పిల్లల వైద్యుల సూచన. మన ఇళ్లలో తల్లీబిడ్డా ఒకే పరుపు మీద పడుకోవడం తరతరాల అలవాటు. వద్దని చెప్పి పంపితే నా ముందు తలూపి ఇంట్లో అదే చేస్తారు, అదీ జాగ్రత్తలు తెలియకుండా. అందుకే వివరంగా చెబుతాను. పాప దగ్గర దిండ్లు, బొంతలు, మెత్తటి బొమ్మలు ఉండకూడదు. పాప తల్లిదండ్రుల మధ్య కాకుండా తల్లికి ఒక పక్కన ఉండాలి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ లేదా బీడీ తాగినా, మద్యం తాగినా, మత్తు కలిగించే మందులు వేసుకున్నా పక్కన పడుకోబెట్టకూడదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకూ వద్దు. పాలు తాగాక పాపను పక్కనే ఉన్న చిన్న పరుపు మీదకు జరపడం మేలు. కుర్చీలోనో సోఫాలోనో పాలిస్తూ కునుకు తీయడం అన్నిటికన్నా ప్రమాదం. ఈమె రోజూ చేస్తున్నది సరిగ్గా అదే.

భర్త అప్పటిదాకా మాట్లాడలేదు. పంపు కడగడం, మరిగించడం, మరుసటి రోజు సంచి సర్దడం నీ పని, రాత్రి తొమ్మిదిన్నరకల్లా అయిపోవాలి అన్నాను. తల్లి తొమ్మిదికే పాపతో పడుకోవాలి, ఎందుకంటే పాప మొదటి నిద్రే పొడవైనది. ఆ మూడు గంటలు తల్లి కూడా నిద్రపోతే మిగతా రాత్రి తట్టుకోగలుగుతుంది. అతను సరేనన్నాడు. వారం తర్వాత వచ్చినప్పుడు అతని ఫోనులో తొమ్మిది గంటల అలారం చూశాను.

ఆఫీసు, బస్సు, ఫ్రిజ్

ఆరు నెలల లోపు పిల్లలు సగటున రోజుకు 750 మిల్లీలీటర్ల దాకా తాగుతారు. గంటకు ముప్పై చొప్పున వేసుకుంటే పదకొండు గంటలకు 330. ఈ పాప పగలు 150 కూడా తాగడం లేదు, మిగతాది రాత్రి పూడ్చుకుంటోంది. దాన్ని 250కి తేగలిగితే రాత్రి ఒకటి రెండు మెలకువలు తగ్గవచ్చని అంచనా.

పాపకు బాటిల్ ఇష్టం లేదు. బాటిల్‌తో పోరాడవద్దన్నాను. మన ఇళ్లలో ఉగ్గు గిన్నె ఉండనే ఉంది. ఐదు నెలల పాప చిన్న స్టీలు గ్లాసు అంచు నుంచి కూడా తాగగలదు. నిటారుగా కూర్చోబెట్టి, గ్లాసు అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవిని తాకేంతగా మాత్రమే వంచాలి. నోట్లో పోయకూడదు. ఏడుపు మొదలయ్యాక ప్రయత్నిస్తే లాభం లేదు, ఏడుపు ఆకలికి ఆఖరి సంకేతం. చేతులు నోట్లోకి పోతున్నప్పుడు, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నప్పుడు ఇవ్వాలి. నానమ్మ దగ్గర పాప మొండికేసింది, ఆమె ఒంటి వాసన, చీర, ఒడి అన్నీ పాలిచ్చే ఒడినే గుర్తుచేస్తాయి కాబోలు. తాతయ్య వరండాలో నిలబడి, రోడ్డు మీద పోయే ఆటోలు చూపిస్తూ గ్లాసు పట్టిస్తే తాగింది. ఆ పని ఆయనకే ఖాయమైంది.

ఫ్రిజ్‌లోని పాలు పైన మీగడ, కింద నీలిరంగు నీళ్లలా విడిపోవడం చూసి అత్తగారు రెండుసార్లు పారబోశారు, విరిగాయనుకుని. పిండిన పాలు అలాగే విడిపోతాయి. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచి మెల్లగా తిప్పితే కలుస్తాయి. పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. ఫ్రిజ్ లోపలి భాగంలో నాలుగు రోజుల దాకా ఉంచవచ్చు. బయట నాలుగు గంటలని పుస్తకాల్లో ఉంటుంది, కానీ అది 25 డిగ్రీల గదికి చెప్పిన లెక్క. మార్చి దాటిన హుజూరాబాద్‌కు వర్తించదు. ఆమె ఆఫీసు ఫ్రిజ్‌లో స్టీలు టిఫిన్ క్యారియర్ పెట్టుకుని అందులో సీసాలు దాచుకుంది, ఎవరూ తెరవరు. సాయంత్రం ఐస్ ప్యాకులతో మందపాటి సంచిలో బస్సెక్కిస్తుంది. ఎల్కతుర్తి దగ్గర బస్సు ఆగి ఆలస్యమైనా భయం లేదు.

బాత్రూములో పిండడం మాన్పించాలి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు విరామం కాక, రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఇవ్వాలని చట్టంలో ఉంది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ హక్కు ఉంది. 50 మంది ఉన్న చోట శిశు సంరక్షణ గది కూడా ఉండాలి. ఆమె శాఖలో అంతమంది లేరు. ఆమె మేనేజరును అడగడానికి జంకింది. హక్కు అని మొదలుపెట్టకుండా, పదకొండింటికీ మూడున్నరకూ పదిహేనేసి నిమిషాలు పాత ఫైళ్ల గది తాళం చెవి కావాలని అడగమన్నాను. ఇచ్చారు. చట్టం సంచిలో ఉంటే చాలు, ప్రతిసారీ బయటికి తీయనక్కరలేదు.

మార్చి ఆఖరులో లెక్కల ముగింపు వచ్చింది. ఒక రోజు రెండు విరామాలూ పోయాయి. రాత్రికి ఎడమ రొమ్ములో గడ్డ, నొప్పి. పక్కింటావిడ వేడి గుడ్డ కాపడం పెట్టి గట్టిగా పిసికింది, వాపు పెరిగింది. గట్టిగా మర్దనా చేయడం, అదే పనిగా పంపుతో ఖాళీ చేయడం మంచిది కాదని ఇప్పటి వైద్యుల మాట. చల్లటి గుడ్డ, వైద్యుడు చెప్పిన నొప్పి మాత్ర, పాప ఎప్పటిలా తాగడం, అంతే. జ్వరం, ఎర్రదనం ఒక రోజుకు మించి ఉంటే ఆలస్యం చేయకూడదు. ఈమెకు రెండు రోజుల్లో తగ్గింది.

చాలామంది చెప్పకుండా వదిలేసే సంగతి ఇంకోటి. పాలిస్తున్నాను, నెలసరి రాలేదు, కాబట్టి గర్భం రాదని ఈ దంపతులు అనుకుంటున్నారు. పాపకు ఆరు నెలలు దాటకుండా, తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వకుండా, పగలు నాలుగు గంటలు, రాత్రి ఆరు గంటలకు మించి ఎడం లేకుండా పాలిస్తేనే ఆ రక్షణను నమ్మవచ్చు. ఉద్యోగంలో చేరిన రోజే ఆ లెక్క తప్పింది. వేరే పద్ధతి కోసం డాక్టరు దగ్గరకు పంపాను.

అత్తగారి లెక్క

"మేం ముగ్గురిని పెంచాం, ఇన్ని కాగితాలు రాయలేదు" అన్నారామె రెండో రాకలో. కోరుట్ల వైపు పుట్టి పెరిగిన మనిషి, పెళ్లయ్యాక కూడా చాలాకాలం బీడీలు చుట్టారు. చేట ఒళ్లో, బిడ్డ పక్కన. బిడ్డ కదిలితే చేట పక్కన పెట్టి పాలిచ్చి మళ్లీ చుట్టేవారు. పొగాకు దుమ్ములో పసిబిడ్డను పెట్టడం మంచిది కాదు, అది వేరే విషయం. కానీ అడిగినప్పుడల్లా పాలివ్వడం, కూలి సంపాదించడం ఆమె ఒకే చోట కూర్చుని చేశారు. కోడలికి ఆ రెంటి మధ్య గంటకు పైగా బస్సు ప్రయాణం ఉంది. "మీకు దొరికింది తనకు దొరకలేదమ్మా, ఆ దూరం మీరు తగ్గించాలి" అన్నాను. ఆమె వాదించలేదు. మోకాళ్ల నొప్పులని ఉదయం వంటకు ఒప్పుకోలేదు, నేనూ బలవంతపెట్టలేదు. కూరగాయలు రాత్రే తరిగి పెట్టడం, అన్నం కుక్కర్లో పెట్టడం తనదన్నారు. ఆ మాటతో కోడలికి ఉదయం నలభై నిమిషాలు మిగిలాయి. ఐదింటికి లేవకుండా, పడుకునే ఉండి పాపకు పాలిస్తుంది.

రెండు విషయాల్లో మాత్రం ఆమెతో చాలాసేపు మాట్లాడాల్సి వచ్చింది. ఎండన పడి వచ్చిన తల్లి పాలు వేడి చేస్తాయని, ముందు కొంత పిండి పారబోసి, స్నానం చేశాకే ఇవ్వాలని ఆమె నమ్మకం. రొమ్ములో పాలు చెడవు. చేతులు, ముఖం కడుక్కుని, నీళ్లు తాగి కూర్చుంటే చాలు. పైగా కోడలు అలసి వస్తుందని ఆరున్నరకే గ్లాసు నిండా పట్టించేవారు. ఏడుంబావుకు తల్లి వచ్చేసరికి పాప కడుపు నిండి ఉండేది, తల్లి రొమ్ములు పగిలిపోతున్నట్లు ఉండేవి. ఆరు దాటాక రెండు గుక్కలకు మించి వద్దన్నాను. రాత్రి లెక్క మారడానికి అన్నిటికన్నా ఇదే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం.

రెండోది అన్నప్రాశన. ఆడపిల్లకు బేసి నెల, ఐదో నెల దాటకముందే ముహూర్తం చూశారు. ముహూర్తం జరుపుకోండి, పాయసం పెదవికి తాకించండి, తిండి మాత్రం ఆరు నెలలు నిండాకే అన్నాను. ఎండలకు చెంచాడు నీళ్లు పడతామన్నారు. అప్పటిదాకా తల్లిపాలలో ఉన్న నీళ్లే చాలు.

డబ్బా సంగతి భర్త మళ్లీ అడిగాడు. పాల డబ్బాలకు, పాల సీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. అయినా ఆ సలహా మందుల షాపు వాడి దగ్గర ఉచితంగా దొరుకుతుంది. డబ్బా పాలు విషం అనను. అవసరమైన పిల్లలకు నేనే రాయించిన సందర్భాలున్నాయి. ఈ పాపకు అవసరం లేదు. ఆ డబ్బా తిరిగి షాపుకే వెళ్లింది.

తర్వాత

24 వారాలకు బరువు 6.6 కిలోలు. రాత్రి మెలకువలు ఆరు నుంచి నాలుగుకు తగ్గాయి. అంకెలో పెద్ద మార్పు కాదు. మూడో గడిలో మాత్రం పాప వదిలిన సమయానికీ తల్లి పడుకున్న సమయానికీ తేడా కొన్ని వరసల్లో సున్నా, ఎందుకంటే ఆమె పాలిస్తూనే నిద్రలోకి జారుకుంటోంది. కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. ఎప్పుడు వదిలిందో తెలియదని రాసింది. ఎడిన్‌బరో ప్రశ్నలకు ఈసారి 5. హిమోగ్లోబిన్ పరీక్ష రెండు నెలలకు చేయిస్తే 11.2. మాత్రలు రాత్రి భోజనం తర్వాత వేసుకోమన్నాను, మలబద్ధకం కొంత ఉన్నా ఆపలేదు.

ఆరు నెలలు నిండాక పప్పన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు మొదలయ్యాయి. పగలు పిండిన పాల అవసరం తగ్గింది. ఎనిమిదో నెలలో రాత్రి రెండుసార్లు లేస్తోంది. ఒక్కో వారం పళ్లు వస్తున్నప్పుడు మళ్లీ నాలుగవుతుంది.

ఇప్పటికీ తేలనిది సోమవారం. ఆదివారం తల్లి ఇంట్లో ఉంటే పాప రోజంతా ఒళ్లోనే ఉండి తాగుతుంది. దాంతో సోమవారం పదింటికే రొమ్ములు నిండి నొప్పి పుడతాయి, ఫైళ్ల గది తాళం మాత్రం పదకొండింటికి గానీ దొరకదు. ఆ రోజు విరామాన్ని గంట ముందుకు జరపమని మేనేజరును అడగమన్నాను. ఇంకా అడగలేదట. అప్పటిదాకా బస్సు దిగగానే చేత్తో కొద్దిగా, ఉపశమనం కలిగేంతవరకే పిండుకోవడం నేర్పాను. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, నల్లటి వలయం అంచున ఉంచి ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరకు తెచ్చి వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు.